వజీఫా రుణాన్ని నీళ్లతో తీర్చిన ఇంజనీరు

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్ జీవిత విశేషాలు

ధర్మపురి వాసులకు గోదావరిని గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. ఊరిని ఆనుకునే నది పారుతుంది. అయినా తరతరాలుగా ఈ ప్రాంతపు రైతుకు ఒక చిత్రమైన కష్టం ఉండేది. కళ్లెదుట నది, కాళ్ల కింద ఎండిన పొలం. నది లోతున పారుతుంది, పొలం ఎత్తున ఉంటుంది. గట్టు దిగి కడవతో నీళ్లు ముంచుకోవచ్చు గాని, గట్టు మీది పది ఎకరాలు తడపడం ఎవరి తరమూ కాలేదు. నది పక్కనే ఉండి కూడా మన తాతలు వాన కోసం, చెరువు కోసం, మోటబావి కోసం ఎదురు చూశారు.

1963 జూలై 26న పోచంపాడు వద్ద పండిట్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట ఆ పరిస్థితిని మార్చింది. అక్కడ బయలుదేరిన కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలకు గోదావరి నీళ్లు తెచ్చింది. మోటారు లేకుండా, మనిషి చేయి తగలకుండా, నది నీరు నది కంటే ఎత్తైన పొలంలోకి ఎలా వచ్చింది? ఇందులో మాయ లేదు, లెక్క ఉంది. ఎగువన కట్ట కట్టి నీటిమట్టం పెంచుతారు. అక్కడి నుంచి కాలువను నది కంటే తక్కువ వాలుతో నడిపిస్తారు. నది త్వరగా కిందికి దిగిపోతుంది, కాలువ నెమ్మదిగా దిగుతుంది. మైళ్లు గడిచేకొద్దీ కాలువ నది కంటే ఎత్తున నిలుస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న నేలంతా తడుస్తుంది.

ఈ లెక్కను తెలంగాణ నేల మీద పెద్ద ఎత్తున చేసి చూపినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్. ఆయన నిజాం కళాశాల పూర్వ విద్యార్థి. ప్రభుత్వ వజీఫాతో సముద్రం దాటి చదువుకుని, తిరిగి వచ్చి, నాలుగు దశాబ్దాల పాటు తన చదువును జనం కోసం ఖర్చు చేసిన మనిషి. ఈ వారం ఆయన జీవితాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం.

చదువుల బాట

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. తండ్రి మీర్ వాయిజ్ అలీ నిజాం ప్రభుత్వంలో ఉద్యోగి. అలీ నవాజ్ జంగ్ అన్నది తర్వాతి కాలంలో నిజాం ఇచ్చిన బిరుదు. అసలు పేరు మరుగున పడి, బిరుదే పేరుగా నిలిచిపోయింది.

సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులో, మదర్సా-ఎ-ఆలియాలో చదివి ఆయన నిజాం కళాశాలలో చేరారు. అప్పటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టలేదు. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచేది. రాష్ట్రం మొత్తం మీద పై చదువులకు ఉన్న దారులు బహు కొద్ది. ఆ కొద్దిపాటి దారిలోనే నడిచి, ఆ కుర్రవాడు తన ప్రతిభను నిరూపించుకున్నాడు.

1896లో ప్రభుత్వం ఆయనకు వజీఫా మంజూరు చేసి ఇంగ్లండుకు పంపింది. అప్పటికి ఆయన వయసు 19 సంవత్సరాలు. లండనుకు దగ్గరలోని కూపర్స్ హిల్‌లో రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. భారతదేశంలోని ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారు చేయడానికే దాన్ని స్థాపించారు. చదువు భారతదేశం కోసమే అయినా, అక్కడ చదివేవారిలో అత్యధికులు ఆంగ్లేయులే. ఈ దేశపు విద్యార్థులకు అక్కడ చోటు దొరకడమే కష్టం.

అటువంటి చోట మీర్ అహ్మద్ అలీ దాదాపు ప్రతి విషయంలోనూ బహుమతులు సంపాదించారు. ఆయనతో పాటు చదివిన బెర్నార్డ్ డార్లీ తర్వాతి కాలంలో సంయుక్త రాష్ట్రాల నీటిపారుదల శాఖలో గొప్ప పేరు తెచ్చుకుని సర్ బిరుదు పొందినవాడు. తుది పరీక్షలో హైదరాబాదు విద్యార్థి తనను మించిపోయాడని ఆ డార్లీయే తర్వాత ఒప్పుకున్నాడు. పాలకుల గడ్డ మీద, పాలకుల భాషలో, పాలకుల బిడ్డలతో పోటీ పడి గెలవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మెట్టు మెట్టుగా పైకి

1899లో ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. ప్రజాపనుల శాఖలో, అంటే అప్పటి వాడుకలో తామీరాత్‌లో, అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. విదేశీ పట్టా చేతిలో ఉన్నా కింది మెట్టు నుంచే మొదలుపెట్టి, ఒక్కో హోదా దాటుకుంటూ పోయారు. 1918లో చీఫ్ ఇంజనీరుగా, ప్రభుత్వ కార్యదర్శిగా బాధ్యతలు స్వీకరించారు. ఆ పదవికి చేరడానికి ఆయనకు 19 ఏళ్లు పట్టింది.

ఈ మధ్య కాలంలోనే హైదరాబాదు నగరం ఒక మహా విషాదాన్ని చూసింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేల సంఖ్యలో ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా కోరింది. నది పైభాగంలో వరదను ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. ఆ సూచన ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ ముగింపు సంవత్సరాల్లో శాఖకు అధిపతి అలీ నవాజ్ జంగ్. ఊళ్లను ముంచిన నీళ్లనే పట్టి నిలిపి నగరానికి తాగునీరుగా మార్చిన పని అది. గండిపేట నీళ్ల రుచి గురించి హైదరాబాదువాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

మంజీర మీద మహా నిర్మాణం

ఆయన పేరును శాశ్వతం చేసింది మాత్రం నిజాంసాగర్. గోదావరికి ఉపనది అయిన మంజీర మీద, ఇప్పటి కామారెడ్డి జిల్లాలో, 1923లో పనులు మొదలై 1931లో పూర్తయ్యాయి. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున రాతి కట్టడం లేచింది. కట్ట మీద మోటారు బండి పోయేంత దారి కూడా ఏర్పాటు చేశారు. యంత్రాలు ఇప్పటిలా లేని కాలంలో వేలాది కూలీల రెక్కల కష్టం మీద సాగిన పని అది.

మొదట జలాశయంలో దాదాపు 30 టీఎంసీల నీరు పట్టేది. సుమారు 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ ద్వారా 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. కాలువ చాలా దూరం పోవాలి కనుక, మధ్యలో నీటిని నిల్వ చేసి సర్దే చిన్న జలాశయం అవసరమైంది. నిజామాబాదుకు సమీపంలో కట్టిన ఆ జలాశయానికి ఆయన పేరు మీదనే అలీసాగర్ అని పేరు పెట్టారు. సెలవు రోజుల్లో పిల్లలను తీసుకుని అలీసాగర్ తోటలు చూడడానికి వెళ్లే కుటుంబాలు మన జిల్లాలోనూ ఎన్నో ఉన్నాయి. ఆ అలీ ఎవరని పిల్లలు అడిగితే జవాబు చెప్పగలిగే పెద్దలు ఎందరున్నారు?

నీళ్లు రావడంతో చెరకు వచ్చింది. చెరకు రావడంతో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. 1930ల చివర్లో మొదలైన ఈ కర్మాగారాన్ని ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవారు. దాని శాఖ ఒకటి ఆ తర్వాతి కాలంలో మన మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో వెలిసింది. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు బండ్ల మీద చెరకు తోలి, ఆ డబ్బుతో బిడ్డల పెళ్లిళ్లు చేశారు, ఇళ్లు కట్టుకున్నారు. ఒక ఇంజనీరు మంజీర మీద గీసిన గీత ఎంత దూరం వచ్చిందో చూడండి.

అయితే మంచి పనికి కూడా ఎవరో ఒకరు వెల చెల్లించవలసి వస్తుంది. నిజాంసాగర్ కోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ ఊళ్ల వాళ్లు తాతల నాటి ఇళ్లను, సమాధులను, పొలాలను నీటికి అప్పగించి కదిలారు. మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. జొన్నలకు, మొక్కజొన్నలకు అలవాటుపడిన స్థానిక రైతుల్లో చాలామందికి కాలువ కింద వరి, చెరకు పండించే పద్ధతి తెలియదు. అది తెలిసిన కృష్ణా, గుంటూరు ప్రాంతాల రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. బోధన్, వర్ని పరిసరాల్లో కనిపించే క్యాంపు ఊళ్లు అలా ఏర్పడినవే. వారు కష్టపడి పండించారు, అందులో తప్పు లేదు. కాని నీళ్లు వచ్చినంత మాత్రాన చాలదని, నీళ్లను వాడుకునే తెలివి కూడా రావాలని ఆ చరిత్ర మనకు చెబుతున్నది.

తన నీళ్లు, పొరుగువారి నీళ్లు

అలీ నవాజ్ జంగ్ పనులు ఒక్క మంజీరతో ఆగలేదు. ఖమ్మం ప్రాంతంలో వైరా, పాలేరు జలాశయాలు ఆయన కాలంలోనే కట్టారు. రాష్ట్రంలోని నదులను పరిశీలింపజేసి, ఎక్కడెక్కడ ఆనకట్టలు కట్టవచ్చో లెక్కలు తీయించారు. భవనాలు, రోడ్లు, వంతెనలు అన్నీ ఆయన శాఖ కిందివే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది పడిన నాటికి కూడా ఆయనే చీఫ్ ఇంజనీరు. తాను చదివే నాటికి లేని విశ్వవిద్యాలయం తన కళ్ల ముందే లేచి నిలబడడం ఆయన చూశారు.

నీళ్ల విషయంలో కట్టడం ఒక ఎత్తు, పంచుకోవడం మరొక ఎత్తు. తుంగభద్ర నది హైదరాబాదు రాష్ట్రానికీ మద్రాసు రాష్ట్రానికీ సరిహద్దు. ఎవరికెంత అన్న తగవు ఏళ్ల తరబడి తెగలేదు. హైదరాబాదు పక్షాన ఈ చర్చల్లో పాల్గొని వాదించినవారు అలీ నవాజ్ జంగ్. చివరికి 1944 జూన్‌లో ఒప్పందం కుదిరింది. చెరి 65 టీఎంసీలు వాడుకోవాలని నిర్ణయమైంది. 1945 ఫిబ్రవరి 28న నదికి ఒక వైపు బేరార్ యువరాజు, మరొక వైపు మద్రాసు గవర్నరు శంకుస్థాపన చేశారు. తగవులో ఉన్న నీరు సముద్రం పాలవుతుంది, ఒప్పందంలో ఉన్న నీరు పొలం చేరుతుంది. నీటి వివాదాలు ఇంకా నలుగుతున్న మన కాలానికి ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

ఆయన కీర్తి రాష్ట్రం ఎల్లలు దాటింది. సింధు నది మీద సుక్కూరు వద్ద కడుతున్న భారీ బ్యారేజీని పరిశీలించి నివేదిక ఇవ్వవలసిందిగా 1929లో బొంబాయి ప్రభుత్వం ఇద్దరిని కోరింది. ఒకరు విశ్వేశ్వరయ్య, రెండవవారు అలీ నవాజ్ జంగ్. బ్రిటిష్ ఇంజనీర్ల పనిని పరిశీలించడానికి ఇద్దరు భారతీయులను పిలవడం ఆ రోజుల్లో విశేషమే.

1938లో సుభాస్ చంద్రబోసు కాంగ్రెసు అధ్యక్షునిగా ఉండగా జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు జవహర్‌లాల్ నెహ్రూ. స్వతంత్ర భారతదేశం ఎలా ఉండాలో స్వాతంత్ర్యానికి ముందే ఆలోచించిన సంఘమది. నదులు, నీటిపారుదల విషయాలను చూసే ఉపసంఘానికి అధ్యక్షుడిగా ఎంచుకున్నది నిజాం కొలువు నుంచి పదవీ విరమణ పొందిన మన నవాబు గారినే. దేశమంతటిలోనూ ఇంజనీర్లు ఉన్నారు. రాజకీయాలు వేరు, పరిపాలనలు వేరు. అయినా నీటి విషయం తెలిసిన మనిషి కావాలనుకున్నప్పుడు వాళ్ల చూపు హైదరాబాదు వైపు తిరిగింది. విద్యకు మతం, సంస్థానం, సరిహద్దు అడ్డు రావని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

చివరి రోజులు, ఆ తర్వాత

1937లో ఆయన చీఫ్ ఇంజనీరు పదవి నుంచి విరమించారు. తుంగభద్ర వంటి పనుల్లో ఆయన అనుభవం ఆ తర్వాత కూడా రాష్ట్రానికి అక్కరకు వచ్చింది. 1948లో నిజాం పాలన ముగిసింది. మరుసటి సంవత్సరం, 1949 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 72 సంవత్సరాలు.

రాజ్యం మారింది, కాలం మారింది. పాత పాలనతో పాటు ఆ పాలనలో పనిచేసిన మంచివారి పేర్లు కూడా పాఠ్యపుస్తకాల నుంచి జారిపోయాయి. నిజాంసాగర్ పేరులో నిజాం ఉన్నాడు గాని, దాన్ని నిర్మించిన ఇంజనీరు లేడు. ఆ నీళ్లతో అన్నం తిన్నవారిలోనే ఎక్కువమంది ఆయన పేరు వినలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లో ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా ప్రకటించారు. దాదాపు 65 ఏళ్ల తర్వాత దక్కిన గుర్తింపు అది.

ఆయన కట్టినవన్నీ కట్టినట్టే ఉన్నాయని చెప్పలేం. మంజీర తెచ్చిన మట్టి నిజాంసాగర్‌ను పూడ్చివేసింది. 1970ల నాటికి 30 టీఎంసీల జలాశయం 12 టీఎంసీలకు దిగిపోయింది. తర్వాత మట్టం పెంచి సుమారు 18 టీఎంసీలకు తెచ్చారు. ఆయకట్టు చివరి పొలాలకు నీరు చాలక, గోదావరి నుంచి ఎత్తిపోసే పథకం పెట్టవలసి వచ్చింది. ఆ పథకానికీ అలీసాగర్ పేరే. మన పోచంపాడు కథా అంతే. 112 టీఎంసీలతో మొదలై, పూడిక వల్ల 80 దరిదాపులకు వచ్చింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట చక్కెర కర్మాగారాలు మూతపడ్డాయి. కట్టినవాడు వెళ్లిపోయాక కాపాడవలసినవారు మేలుకొని ఉండాలి. లేకపోతే రాతికట్ట కూడా ఓడిపోతుంది.

మన ఇళ్లలో ఈ మాట

ఈ జీవితాన్ని ఇంతగా ఎందుకు చెప్పుకుంటున్నామంటే, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి నేడు సముద్రం దాటి పోతున్న మన పిల్లలు కళ్ల ముందు మెదులుతారు గనుక. మన వీధుల్లో గల్ఫ్ వీసా ముచ్చట లేని ఇల్లు అరుదు. అప్పు చేసి, తల్లి మెడలోని బంగారం కుదువ పెట్టి, దుబాయికో సౌదీకో పోయి, ఎండలో ఎవరి నగరాలో కట్టి వస్తున్నారు. వారి కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. ఆ డబ్బుతోనే ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. కాని 1896లో సముద్రం దాటిన కుర్రవాడు చదువు కోసం పోయాడు, ఆ చదువుతో తిరిగి వచ్చాడు. మన పిల్లవాడు పదో తరగతితోనో ఇంటర్మీడియట్‌తోనో చదువు ఆపి పోతున్నాడు. రెండు ప్రయాణాలకూ ఉన్న తేడా ఆ చదువే.

ఆనాడు హైదరాబాదు పోతే తప్ప పై చదువు లేదు. నేడు కొండగట్టుకు దగ్గర్లో నాచుపల్లిలోనే జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆనాడు వజీఫా ఏ ఒక్కరికో దక్కేది. మన కాలంలో మైనారిటీ విద్యార్థులను విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే సహాయ పథకాన్ని 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది. దారులు అప్పటికంటే ఎక్కువే ఉన్నాయి. కావలసింది ఆ దారి చూపే పెద్దలు. కొడుకుకు మాత్రమే కాదు, కూతురుకూ చూపాలి.

ప్రభుత్వ వజీఫా అంటే ఊరికే వచ్చిన సొమ్ము కాదు. రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిన పైసా అది. ఆ రైతు పొలానికే నీళ్లు తిప్పి అలీ నవాజ్ జంగ్ ఆ రుణం తీర్చారు. దాహం తీర్చే నీటిని ఏర్పాటు చేసి పోవడం, మనిషి పోయాక కూడా పుణ్యం ఆగని సదఖా-ఎ-జారియా అని మన పెద్దలు చిన్నప్పుడే నేర్పారు. బావి తవ్వించినవారిని మనం గుర్తుంచుకుంటాం. లక్షల ఎకరాలకు నీరిచ్చినవారిని మరచిపోవడం న్యాయం కాదు.

ఈసారి కాకతీయ కాలువ గట్టు మీదుగా పోతున్నప్పుడు బండి ఒక నిమిషం ఆపండి. పక్కన ఉన్న పిల్లవాడికి కాలువ ఎందుకు నెమ్మదిగా పారుతుందో, నది కంటే ఎత్తున ఎలా నిలిచిందో చెప్పండి. ఆ లెక్క నేర్చుకోవడానికి సముద్రం దాటి, నేర్చుకున్నది తన నేలకు తిరిగి తెచ్చిన ఒక విద్యార్థి ఉండేవాడని కూడా చెప్పండి. ఆ మాట విన్న పిల్లల్లో ఒక్కరు పుస్తకం పట్టినా మనకు అదే చాలు.